రిఫాంపిసిన్.. రిఫాంపిన్.. రెండూ ఒకటేనా? టీబీ మందు పేరు దగ్గరే ఎందుకింత గందరగోళం?

గుంటూరు నుంచి టెక్సస్ వెళ్లిన ఒక ఎంఎస్ స్టూడెంట్‌ని ఊహించుకోండి. యూనివర్సిటీలో చేరేటప్పుడు చేసిన టీబీ రక్త పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది. దగ్గు లేదు, జ్వరం లేదు. ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతున్నట్టుగా ఉంది, అది లేవకుండా నాలుగు నెలలు మందు వాడమని డాక్టర్ చెప్పారు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి మందు సీసా చూపించాడు. "రిఫాంపిన్ అంట అమ్మా" అన్నాడు. ఆవిడకి అనుమానం వచ్చింది. "మీ బాబాయికి టీబీ వచ్చినప్పుడు ఇచ్చింది రిఫాంపిసిన్ కదరా. ఇదేదో వేరే మందులా ఉంది. ఇక్కడ డాక్టర్ గారిని అడిగి చెప్తా, అప్పటిదాకా వేసుకోకు" అంది.

ఆ సీసా మూత తీయకుండానే వారం గడిచిపోతుంది.

నిజానికి ఆ రెండూ ఒకటే మందు. అమెరికాలో రిఫాంపిన్, ఇండియాలో రిఫాంపిసిన్. అంతే తేడా. కానీ టీబీ చికిత్సలో పేరు తేడాని అంత తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఎందుకంటే ఇది మూడు రోజులు వేసుకుని వదిలేసే జ్వరం బిళ్ళ కాదు. నెలల తరబడి, రోజూ, మధ్యలో ఆపకుండా వేసుకోవాల్సిన మందు. ఈలోగా ఊరు మారొచ్చు, ఆస్పత్రి మారొచ్చు, ప్యాకెట్ మారొచ్చు. మారిన ప్రతిసారీ రోగికి ఒక కొత్త పేరు ఎదురవుతుంది.

ఇంతకీ ఈ మందు ఎందుకంత ముఖ్యం? దీనికి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి? పేరు దగ్గర పొరపాటు జరిగితే ఎవరికి నష్టం? చూద్దాం.

సినిమా పేరు నుంచి మందు పేరు

ఈ కథ 1957లో మొదలైంది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఒక పైన్ అడవి నుంచి తెచ్చిన మట్టిని ఇటలీలోని మిలాన్‌లో లెపెటిట్ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో పరీక్షించారు. ఆ మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి, బ్యాక్టీరియాని చంపే పదార్థాలని తయారు చేస్తోందని పియెరో సెన్సి బృందం గుర్తించింది. అప్పట్లో 'రిఫిఫీ' అనే ఫ్రెంచ్ క్రైమ్ సినిమాకి మంచి పేరుంది. 1955లో వచ్చిన ఆ సినిమా పేరునే ల్యాబ్‌లో సరదాగా ఈ పదార్థానికి పెట్టుకున్నారు. ఆ ముద్దుపేరు నుంచే 'రిఫామైసిన్' అనే అసలు పేరు పుట్టింది.

మొదట దొరికిన రూపంతో ఒక చిక్కుంది. నోటి ద్వారా తీసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టేది కాదు. దాని రసాయన నిర్మాణంలో మార్పులు చేసుకుంటూ వెళ్తే 1965లో మింగడానికి పనికొచ్చే రూపం తయారైంది. అదే రిఫాంపిసిన్. 1968లో ఇటలీ మార్కెట్లోకి వచ్చింది. 1971లో అమెరికాలో అనుమతి దొరికింది.

ఈ మందు వచ్చాక టీబీ చికిత్స తీరే మారిపోయింది. అంతకుముందు ఏడాది, ఏడాదిన్నర పాటు మందులు వాడాల్సి వచ్చేది. రిఫాంపిసిన్‌కి పైరజినమైడ్ కూడా తోడయ్యాక చికిత్స 6 నెలలకి తగ్గింది. ఇప్పటికీ మామూలు టీబీ చికిత్సకి వెన్నెముక ఇదే. అందుకే ఈ మందుకి లొంగని టీబీని డాక్టర్లు ప్రత్యేక కేసుగా చూస్తారు.

మరి అమెరికా పేరు వేరే ఎందుకు?

ప్రతి మందుకీ ప్రపంచమంతా ఒకే పేరు ఉండాలన్న ఆలోచనతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఒక పద్ధతి పెట్టింది. 1953 నుంచి అది అమల్లోకి వచ్చింది. కంపెనీ ఏదైనా, దేశం ఏదైనా, మందుకి ఒక ఉమ్మడి పేరు ఉంటుంది. దాన్నే మనం జనరిక్ పేరు అంటున్నాం. ఆ లెక్కలో ఈ మందు పేరు రిఫాంపిసిన్.

అయితే అమెరికాలో మందులకి పేర్లు పెట్టడానికి 1961 నుంచి సొంతంగా ఒక మండలి ఉంది. చాలా మందులకి రెండు చోట్లా ఒకే పేరు ఖాయమైంది. కొన్నింటికి మాత్రం కుదరలేదు. మనం పారాసిటమాల్ అనేదాన్ని వాళ్లు అసెటమినోఫెన్ అంటారు. ఆస్తమా ఇన్‌హేలర్‌లో వాడే సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. అలాగే రిఫాంపిసిన్ అక్కడ రిఫాంపిన్ అయింది. మందు అదే, పనితీరు అదే, జాగ్రత్తలూ అవే.

మరి ఆ స్టూడెంట్ వాళ్లమ్మకి ఇంకో డౌట్ కూడా వస్తుంది. బాబాయికి నాలుగు మందులు ఇచ్చారు, అబ్బాయికి ఒక్కటే ఎందుకిచ్చారు? ఇది మంచి ప్రశ్నే. బాబాయికి వచ్చింది జబ్బు. అబ్బాయికి ఉన్నది ఇంకా జబ్బుగా మారని ఇన్‌ఫెక్షన్. జబ్బు ముదిరిన మనిషి ఒంట్లో క్రిములు కోట్లలో ఉంటాయి. ఒక్క మందే ఇస్తే దానికి లొంగని కొన్ని క్రిములు బతికిపోయి, అవే పెరుగుతాయి. అందుకే నాలుగు మందులు కలిపి ఇస్తారు. నిద్రాణంగా ఉన్న ఇన్‌ఫెక్షన్‌లో క్రిములు చాలా తక్కువ కాబట్టి ఒక్క మందైనా సరిపోతుంది. నాలుగు నెలల రిఫాంపిన్ కోర్సు అమెరికా 2020 మార్గదర్శకాల్లో మొదటి వరుసలో సూచించిన పద్ధతుల్లో ఒకటి. మన దేశంలో చిన్నప్పుడే బీసీజీ టీకా వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. రక్త పరీక్షకి ఆ ఇబ్బంది లేదు.

ఏడు భాషల్లో అధికారిక పేరు.. మన భాష ఒక్కటీ లేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉమ్మడి పేర్లని లాటిన్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్, అరబిక్, చైనీస్ భాషల్లో ఖరారు చేస్తుంది. లాటిన్‌లో ఇది రిఫాంపిసినుమ్. స్పానిష్‌లో రిఫాంపిసినా. రష్యన్‌లో రిఫాంపిత్సిన్. అరబిక్‌లో 'ప' అక్షరం లేదు కాబట్టి రీఫాంబిసీన్ అయింది. చైనీస్‌లో మూడే అక్షరాలు.. లి-ఫు-పింగ్. ఈ భాషల జాబితాలో లేని జపనీస్‌లో రిఫాంపిషిన్ అంటారు.

పలకడానికి, రాయడానికి ఇబ్బంది లేకుండా ఉండాలని పేర్లు పెట్టేటప్పుడు కొన్ని నియమాలు కూడా పాటిస్తారు. ఇంగ్లీషులో 'పీహెచ్' బదులు 'ఎఫ్' రాయాలి, 'వై' బదులు 'ఐ' వాడాలి అని అందులో ఉంది. అంటే వేరే భాషల వాళ్లు తప్పు పలకకూడదని అక్షరం అక్షరం ఆలోచించారు.

కానీ ఆ ఏడింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. హిందీ లేదు, తమిళం లేదు, తెలుగు లేదు. ప్రపంచంలో ఏటా వచ్చే టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశానివే. 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.07 కోట్ల మందికి టీబీ వస్తే, అందులో 25 శాతం వాటా ఇండియాది. ఈ మందు మింగేవాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో దాని పేరుని స్థానిక భాషల్లో ఎలా రాయాలో అంతర్జాతీయ జాబితా చెప్పదు.

ఫలితం ఏంటంటే, తెలుగులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తున్నారు. రిఫాంపిసిన్, రిఫాంపిసిన, రిఫామ్‌పిసిన్, రిఫాంపిన్, రిఫాంపిసీన్.. ఇలా ఎన్ని రకాలో. ఫోన్‌లో ఒక స్పెల్లింగ్‌తో వెతికితే ఒక సమాచారం, ఇంకో స్పెల్లింగ్‌తో వెతికితే ఇంకోటి కనిపిస్తుంది. ఇక మందు పట్టీ మీద పేరు ఎక్కువగా ఇంగ్లీషులోనే, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవలేని మనిషి ఏం చేస్తాడు? రంగుని గుర్తుపెట్టుకుంటాడు. ఆంధ్రాలో 'ఎర్ర బిళ్ళ', తెలంగాణలో 'ఎర్ర గోలీ'.

రంగు నమ్మకమైన గుర్తు కాదు. గర్భిణులకి ఇచ్చే ఐరన్ బిళ్ళ కూడా ఎరుపే. పైగా ఒకే మందు వేర్వేరు కంపెనీల దగ్గర వేర్వేరు రంగుల్లో, ఒకచోట క్యాప్సూల్‌గా, ఇంకోచోట బిళ్ళగా దొరుకుతుంది.

ప్యాకెట్ మారిన రోజున ఏం జరుగుతుంది?

ప్రభుత్వ ఆస్పత్రిలో ఇచ్చే టీబీ మందులో నాలుగు మందులు ఒకే బిళ్ళలో కలిసి ఉంటాయి. పెద్దవాళ్లకిచ్చే ఒక్కో బిళ్ళలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. రోగి బరువుని బట్టి రోజుకి ఎన్ని బిళ్ళలో నిర్ణయిస్తారు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు ఇస్తారు.

ఇప్పుడు రోజుకి మూడు బిళ్ళలు వేసుకునే మనిషి ప్రైవేటు మెడికల్ షాపుకి వెళ్లాడనుకుందాం. అక్కడ రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒక్కటే ఇస్తారు. మూడు 150లు 450 కాబట్టి లెక్క సరిపోయింది. కానీ ఆయనకి కనిపించేది మూడు బిళ్ళల బదులు ఒక్కటి. మందు తగ్గించారనుకుని పాత బిళ్ళలు కూడా కలిపి వేసుకుంటే డోసు రెట్టింపు అవుతుంది. కాలేయం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇది రిఫాంపిసిన్ లెక్క మాత్రమే. మిగతా మూడు మందులూ విడిగా తీసుకోవాలని తెలియక ఆ ఒక్క క్యాప్సూల్‌తోనే సరిపెట్టుకుంటే అసలుకే మోసం. ఒక్క మందుతో జబ్బు తగ్గదు సరికదా, మందుకి లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది.

ఇలా ప్యాకెట్ మారే పరిస్థితి ఎప్పుడో అరుదుగా వచ్చేది కూడా కాదు. 2024 మార్చిలో టీబీ మందుల సరఫరా ఆలస్యమవుతోందని కేంద్రమే రాష్ట్రాలకి లేఖ రాసింది. మూడు నెలలకి సరిపడా మందుల్ని స్థానికంగా కొనుక్కోవాలని సూచించింది. మందులు ఇవ్వలేని చోట రోగులు బయట కొనుక్కుంటే ఆ ఖర్చు తిరిగి చెల్లించాలని కూడా చెప్పింది. కాగితం మీద ఇది మంచి పరిష్కారమే. కానీ పీహెచ్‌సీలో ఇచ్చిన బిళ్ళలు తప్ప ఇంకేదీ తెలియని మనిషి మెడికల్ షాపులో ఏమని అడగాలి?

బయట బ్రాండ్ పేర్లు ఇంకో తలనొప్పి. ఉదాహరణకి ఆర్-సిన్ అంటే రిఫాంపిసిన్ ఒక్కటే. ఆర్-సినెక్స్ అంటే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ కలిసిన మందు. పేరులో చివర కొంచెమే తేడా, లోపల ఒక మందు తేడా. చీటీ మీద చేతిరాత సరిగ్గా లేకపోతే ఎంత నష్టమో ఊహించుకోవచ్చు.

డాక్టర్లు జనరిక్ పేరే రాయాలన్న నిబంధనని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టు మొదట్లో తెచ్చింది. డాక్టర్ల సంఘాల నుంచి వ్యతిరేకత రావడంతో అదే నెలలో ఆ రూల్స్‌ని పక్కన పెట్టింది. ఆ చర్చంతా మందుల నాణ్యత, ధరల చుట్టూనే తిరిగింది. రోగికి తాను మింగే మందు పేరు తెలియాలా వద్దా అన్న విషయం పెద్దగా చర్చకి రాలేదు.

పేరులో 'రిఫా' ఉంటే అన్నీ ఒకటి కాదు

రిఫాంపిన్, రిఫాంపిసిన్ పేర్లు వేరైనా మందు ఒకటే. దీనికి రివర్స్‌లో, పేర్లు దగ్గరగా ఉండి మందులు వేరైన సందర్భాలూ ఉన్నాయి. ఇవే ఎక్కువ ప్రమాదం.

రిఫాపెంటిన్: ఇది కూడా టీబీ మందే. కానీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నిద్రాణ టీబీకి ఐసోనియాజిడ్‌తో కలిపి వారానికి ఒక్కసారి, మొత్తం 12 వారాలు ఇస్తారు. రోజూ వేసుకునే రిఫాంపిసిన్‌ని ఇదనుకుని వారానికోసారి వేసుకుంటే ఫలితం ఉండదు.

రిఫాబుటిన్: హెచ్ఐవీ మందులు వాడుతున్న కొందరికి రిఫాంపిసిన్ బదులుగా ఇస్తారు. డోసు లెక్క వేరు.

రిఫాక్సిమిన్: ఇది పేగుల కోసం వాడే మందు. విరేచనాలకి, కాలేయ జబ్బు వల్ల వచ్చే కొన్ని ఇబ్బందులకి ఇస్తారు. పేగుల నుంచి రక్తంలోకి దాదాపుగా వెళ్లదు. కాబట్టి ఊపిరితిత్తుల్లో ఉన్న టీబీ మీద పనిచేయదు.

ఇంకో విషయం. చీటీ మీద రిఫాంపిసిన్ కనిపించినంత మాత్రాన అది టీబీ అనుకోవాల్సిన పనిలేదు. కుష్టు వ్యాధి చికిత్సలో కూడా ఇదే మందు వాడతారు.

రిపోర్టులో 'రిఫ్' అని ఉంటే అర్థం ఏంటి?

మందు పేరు తెలియకపోతే వచ్చే చిక్కు ల్యాబ్ రిపోర్ట్ దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు టీబీ అనుమానం ఉంటే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు చేస్తున్నారు. ఇవి రెండు విషయాలు చెబుతాయి. ఒకటి, కళ్ళెలో టీబీ క్రిమి ఉందా లేదా. రెండు, ఆ క్రిమి రిఫాంపిసిన్‌కి లొంగుతుందా లేదా. ఈ రెండో దాన్నే రిపోర్టులో 'రిఫ్ రెసిస్టెన్స్' అని రాస్తారు.

'ఎంటీబీ డిటెక్టెడ్, రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్' అని వస్తే టీబీ ఉంది, కానీ రిఫాంపిసిన్ పనిచేస్తుంది అని అర్థం. అంటే చికిత్స వెంటనే మొదలుపెట్టాలి. కానీ 'రిఫ్' అంటే ఏంటో తెలియని మనిషి చివర్లో ఉన్న 'నాట్ డిటెక్టెడ్' అన్న మాట చూసి ఏమీ లేదనుకునే అవకాశం ఉంది. రిపోర్ట్ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతే జబ్బు ముదురుతుంది, ఇంట్లో వాళ్లకీ అంటుకుంటుంది.

అదే 'రిఫ్ రెసిస్టెన్స్ డిటెక్టెడ్' అని వస్తే మామూలు నాలుగు మందుల కోర్సు సరిపోదు. వేరే మందులు కావాలి. ఒకప్పుడు ఇలాంటి వాళ్లు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు వాడాల్సి వచ్చేది. అర్హులైన వారికి ఆరు నెలల్లో పూర్తయ్యే కొత్త కోర్సుకి కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్.. ఈ నాలుగు మందులు అందులో ఉంటాయి. అంటే ఇంకో నాలుగు కొత్త పేర్లు.

పేరు చెప్పకపోతే వచ్చే ముప్పు

రిఫాంపిసిన్ కాలేయాన్ని వేగంగా పనిచేయించి ఇతర మందుల్ని త్వరగా కరిగించేస్తుంది. గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గిపోతుంది. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, కొన్ని షుగర్ బిళ్ళలు, కొన్ని హెచ్ఐవీ మందులు సరిగ్గా పనిచేయవు. గుండెకో, షుగర్‌కో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 'ఏదో టీబీ గోలీ వాడుతున్నా' అంటే సరిపోదు. పేరు చెబితేనే ఆ డాక్టర్ డోసు మార్చగలరు.

మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి మారడం ఈ మందుతో మామూలే. అది రక్తం కాదు. ముందే చెప్పకపోతే భయపడి మందు మానేసేవాళ్లుంటారు. కానీ కళ్ళు పచ్చబడటం, వాంతులు, ఆకలి పూర్తిగా పోవడం లాంటివి కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ఖర్చు తక్కువ.. ప్రయోజనం ఎక్కువ

టీబీ మీద దేశం సాధించింది తక్కువేం కాదు. 2015లో లక్ష జనాభాకి 237గా ఉన్న కేసుల రేటు 2024కి 187కి తగ్గింది. పోషకాహారం కోసం నెలనెలా ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. నిక్షయ్ పోర్టల్‌లో ప్రతి రోగికీ ఒక ఐడీ ఉంది. పాలమూరు నుంచి ముంబైకో, శ్రీకాకుళం నుంచి చెన్నైకో పనికి వెళ్లిన మనిషి చికిత్సని అక్కడి కేంద్రానికి బదిలీ చేసుకోవచ్చు. అయినా 2025 నాటికి టీబీని అంతం చేయాలన్న లక్ష్యం మాత్రం అందలేదు.

కొత్త మందులు, కొత్త మెషీన్లకి కోట్లు కావాలి. మందు పేరుని తెలుగులో ఒకే స్పెల్లింగ్‌తో ఖరారు చేయడానికి అంత ఖర్చు అక్కర్లేదు. చికిత్స కార్డు మీద, మందుల కవర్ మీద, రిపోర్ట్ చివర్లో ఒక్కో లైన్ తెలుగులో అచ్చు వేస్తే చాలు. 'మీకు టీబీ ఉంది. రిఫాంపిసిన్ మీకు పనిచేస్తుంది. ఈరోజే మందు మొదలుపెట్టండి' అని రిపోర్టులో ఉంటే అది పట్టుకుని ఎవరూ ఇంట్లో కూర్చోరు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ కలిసి ఒకే స్పెల్లింగ్ వాడితే ఫోన్‌లో వెతికేవాళ్లకి కూడా ఒకే సమాచారం దొరుకుతుంది.

అప్పటిదాకా రోగులు, ఇంట్లో వాళ్లు చేయగలిగింది కొంత ఉంది. మందు పట్టీ రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బ్రాండ్ పేరు కాకుండా దాని కింద ఉన్న జనరిక్ పేరు, మిల్లీగ్రాములు కాగితం మీద తెలుగులో రాయించుకోండి. ప్యాకెట్ మారితే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఆశా కార్యకర్తకో, ఫార్మసిస్టుకో చూపించాకే వేసుకోండి. రిపోర్ట్ వస్తే రెండు లైన్లూ డాక్టర్‌తో చదివించుకోండి. అనుమానం ఉంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఉచితంగా కాల్ చేయొచ్చు. అంతేకానీ, పేరు కొత్తగా ఉందని మందు ఆపేయొద్దు.

ఇక టెక్సస్‌లో ఉన్న ఆ అబ్బాయి విషయానికొస్తే, వాళ్లమ్మకి చెప్పాల్సింది ఒక్క మాటే. "అమ్మా, బాబాయికి ఇచ్చిన మందుల్లో ఇదొకటి. ఇక్కడ పేరు రిఫాంపిన్, అంతే. ఈ రాత్రి నుంచే వేసుకుంటున్నా."